తాళం మీది, చెవి ఊరందరిదీ

అమెరికాలో ఉత్తరం పోగొట్టుకున్నవాడికి ఉత్తరం దొరకదు గానీ సలహాలు మాత్రం కావలసినన్ని దొరుకుతాయి. డబ్బాలో పడినవి పడినట్టే తీసేసుకోండి. రాత్రిపూట ఒక్క కాగితం కూడా లోపల ఉంచకండి. ఊరెళుతుంటే మూడు రోజుల నుంచి నెల దాకా మెయిల్ ఆపించుకునే సదుపాయం ఉంది, వాడుకోండి. నగదు పంపకండి. చెక్కు రాస్తే జెల్ పెన్నుతోనే రాయండి. పక్కింటివాళ్ళతో సఖ్యంగా ఉండండి, మీరు లేనప్పుడు వాళ్ళు తీసి పెడతారు. వీటన్నిటికీ తలమానికం ఇంకొకటుంది: మీరు పంపే ఉత్తరాన్ని పోస్టాఫీసు లోపలికే తీసుకెళ్ళి ఇవ్వండి, బయటి డబ్బాలో వేసి రాత్రంతా వదిలెయ్యకండి. ఈ మాట చెబుతున్నది దారినపోయే దానయ్య అనుకునేరు, ఆ నీలం డబ్బాను అక్కడ నిలబెట్టిన పోస్టల్ శాఖే. హోటలు వాడు గుమ్మానికి 'భోజనం ఇంట్లో చేసి రండి' అని బోర్డు తగిలించినట్టు.

ఈ సలహాల మీద నాకు కక్షేమీ లేదు. విడివిడిగా చూస్తే అన్నీ మంచివే. వరసపెట్టి చదివినప్పుడే అసలు సంగతి బోధపడుతుంది: ఉత్తరం తేవడం వాళ్ళ ఉద్యోగం, కాపలా కాయడం మన ఉద్యోగం. జీతం మాత్రం ఒకవైపే.

ముందు ఆ ఇంటి డబ్బా సంగతి చూద్దాం. రోడ్డు అంచున గుంజ మీద నిలబెట్టిన సొరంగం ఆకారపు రేకు డబ్బా. 1915లో అక్కడి పోస్టాఫీసు శాఖలో పనిచేసే రాయ్ జోరోల్‌మన్ అనే ఇంజనీరు ఇచ్చిన నమూనా. నూరేళ్ళు దాటినా దాని రూపురేఖలు పెద్దగా మారలేదు. రోడ్డు మట్టం నుంచి 41 అంగుళాలకు తగ్గకూడదు, 45 దాటకూడదు. రోడ్డు అంచుకు 6 నుంచి 8 అంగుళాలు వెనక్కి ఉండాలి. వ్యాను దిగకుండా కిటికీలోంచి చెయ్యి చాపితే పోస్టుమ్యాన్‌కు అందాలన్నమాట. పోస్టుమ్యాన్ చేతికి అందేది దొంగ చేతికీ అందుతుందన్న ఆలోచన ఈ కొలతల్లో ఎక్కడా కనపడదు. తాళం తప్పనిసరి కాదు. పక్కన ఒక ఎర్ర జెండా మాత్రం ఉంటుంది. మనం పంపే ఉత్తరం లోపల పెట్టి జెండా ఎత్తితే పోస్టుమ్యాన్ ఆగి తీసుకుపోతాడు. నెల మొదట్లో జెండా ఎత్తడమంటే 'సంతకం చేసిన చెక్కు లోపలుంది' అని వీధంతా దండోరా వేయించుకోవడమే. ఇంటింటికీ ఆగి మూతలు తెరిచి చూసే శ్రమ కూడా దొంగకు మిగల్చలేదు.

గుంటూరు నుంచో వరంగల్ నుంచో ఆరు నెలలు ఉండి వెళదామని వచ్చిన తండ్రి, పొద్దున నడకకు వెళ్ళివచ్చి కొడుకును అడిగే ప్రశ్నల్లో ఇదొకటి.

"ఏరా, ఆ డబ్బాలకు తాళాల్లేవేంట్రా?"

"అక్కర్లేదు నాన్నా. అందులోంచి ఎవడైనా తీస్తే ఫెడరల్ నేరం. అయిదేళ్ళ దాకా జైలు."

"జైలు సరేరా. తాళం ఏదీ?"

కొడుకు దగ్గర జవాబుండదు. అతగాడు ఉద్యోగం చేసేది సైబర్ సెక్యూరిటీలో. ఆఫీసు లాప్‌టాప్ తెరవాలంటే పాస్‌వర్డు, ఫోనుకొచ్చే కోడు, వేలిముద్ర మూడూ కావాలి. సోషల్ సెక్యూరిటీ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, కొత్త క్రెడిట్ కార్డు వచ్చే డబ్బా తెరవాలంటే వేళ్ళుంటే చాలు, వాటి ముద్రతో పనిలేదు. తండ్రికి పాస్‌పోర్టు వచ్చిన రోజు గుర్తే. స్పీడ్‌పోస్టు మనిషి గుర్తింపు కార్డు చూసి, సంతకం పెట్టించుకుని గానీ కవరు చేతిలో పెట్టలేదు. ఇంట్లో ఇంకెవరున్నా ఇవ్వనన్నాడు. అప్పుడు విసుక్కున్నాడు. ఇప్పుడు ఆ మనిషి మీద గౌరవం పుట్టింది.

తాళం లేదని గోల పెట్టే వాళ్ళ కోసం క్లస్టర్ బాక్స్ ఉంది. టెక్సాస్‌లో మనవాళ్ళు ఇళ్ళు కొనుక్కునే కొత్త కాలనీల్లో ఎక్కువగా కనపడేది ఇదే. వీధి మలుపులో కాంక్రీటు దిమ్మె మీద నిలబెట్టిన చిన్న బీరువా. ముందువైపు ఎనిమిదో, పన్నెండో, పదహారో బుల్లి తలుపులు. ఇంటికొకటి, ఒక్కోదానికి వేరే చెవి. ఒక పక్క పార్సిళ్ళ కోసం పెద్ద అర. పార్సిల్ వస్తే దాని చెవి మన అరలో పడేసి వెళతారు. మనం పంపేవాటికి సన్నటి సందు. చూడగానే బ్యాంకు లాకరంత ధీమా కలుగుతుంది. చెవి పోతే పోస్టాఫీసుకు వెళ్ళి, ఆ ఇల్లు మనదేనని కాగితాలు చూపించి, డబ్బు కట్టి, తాళం మార్పించుకోవాలి. అంత కట్టుదిట్టం.

అయితే పోస్టుమ్యాన్ ఇంటికొకటి చొప్పున చెవుల గుత్తి మోసుకు తిరగలేడు కదా. అందుకని ఆ బీరువాకు ఇంకో తాళం ఉంటుంది. దాంట్లో చెవి పెట్టి తిప్పితే, ఆ బుల్లి తలుపులన్నీ బిగించిన ముందు చట్రం మొత్తం ఒక్కసారిగా తెరుచుకుంటుంది. కాలనీ కాలనీ ఉత్తరాలు అరచేతిలోకి వచ్చేస్తాయి. ఆ చెవి పేరు యారో కీ. అదే చెవి పక్క వీధి బీరువాకు పనిచేస్తుంది. అపార్ట్‌మెంట్ కింద గోడలో బిగించిన డబ్బాల వరసకు పనిచేస్తుంది. వీధి చివరి నీలం డబ్బాకూ పనిచేస్తుంది. ఒక ప్రాంతానికంతటికీ అదొక్కటే. గొలుసుకు కట్టి పోస్టుమ్యాన్ నడుముకు వేలాడుతూ పట్టపగలు వీధి వీధీ తిరుగుతుంది. మన చెవి పోతే కాగితాలు చూపించాలి. ఆ చెవి పోతే ఎవరికి ఏం చూపించాలి?

దీనికి పోస్టల్ శాఖ దగ్గర లెక్కలైనా ఉన్నాయా అంటే, శాఖ సొంత ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయమే 2020లో తనిఖీ చేసి తేల్చింది. దేశంలో ఎన్ని యారో కీలు చలామణిలో ఉన్నాయో తెలియదట. పోయినవీ, విరిగినవీ, దొంగల పాలైనవీ ఆఫీసులు సరిగా నమోదు చెయ్యడం లేదట. లెక్క తెలియని ఆ చెవికి ధర మాత్రం పక్కాగా ఉంది. చాటుమాటు ఆన్‌లైన్ గ్రూపుల్లో వేల డాలర్లు పలుకుతోంది. దానికోసం పోస్టుమ్యాన్ల కణతలకు తుపాకీ పెడుతున్నారు. 2022 ఆర్థిక సంవత్సరంలో 412 మంది పోస్టుమ్యాన్లను దోచుకున్నారు. మరుసటి ఏడాది మొదటి ఆరు నెలల్లోనే ఆ సంఖ్య 305కు చేరింది. నడుముకు తాళంచెవి కట్టుకున్నందుకు ప్రాణం పణంగా పెట్టాల్సిన వీళ్ళను తలుచుకుంటే వెటకారం గొంతులోనే ఆగిపోతుంది. ఇంతకీ ఇన్ని దోపిడీలు జరుగుతుంటే మనకు వచ్చిన సలహా ఏమిటి? పొద్దుపోకముందే డబ్బా ఖాళీ చేసుకోండి.

ఈ శాఖకు పోలీసులు లేరనుకునేరు. యూనిఫాం, తుపాకీ, కారు అన్నీ ఉన్న పోస్టల్ పోలీసులున్నారు. పెద్ద నగరాల్లో ఒకప్పుడు వీధుల్లో గస్తీ తిరిగేవారు. ఆ తనిఖీ జరిగిన 2020లోనే వాళ్ళకు ఉత్తర్వు అందింది: మీ అధికారం పోస్టల్ శాఖ ఆవరణల వరకే, వీధులు మీ పని కాదు. దొంగతనాలు జరిగేది వీధుల్లో, పోలీసులుండేది ప్రహరీ లోపల. వాళ్ళ సంఘం కోర్టుకు కూడా వెళ్ళింది. ఈ లోపల పోస్టుమ్యాన్లను దోచినవాళ్ళ ఆచూకీ చెబితే లక్షన్నర డాలర్ల దాకా బహుమానం ప్రకటించారు. పట్టుకోవడం కూడా మనకే అప్పగించారన్నమాట, కాకపోతే దీనికి కాస్త కూలి ఉంది.

2023లో ఒక పథకం మొదలుపెట్టి, 49,000 పాత తాళాలు తీసేసి ఎలక్ట్రానిక్ తాళాలు బిగిస్తామన్నారు. 12,000 నీలం డబ్బాలను గట్టివి తెచ్చి పెడతామన్నారు. బాగుంది. పాత చెవి పనికిరాని తాళం వస్తే ఆ చెవి కోసం తుపాకీ ఎత్తే అవసరమే ఉండదు. అంటే రోగం ఎక్కడుందో డాక్టరుకు తెలుసు. మందు మాత్రం ఇన్నాళ్ళుగా మన నోట్లో పోస్తున్నారు.

ఆ మందుల్లో జెల్ పెన్ను గురించి కాస్త చెప్పుకోవాలి. దొంగకు కావలసింది మీ మేనత్త పంపిన సంక్రాంతి కార్డు కాదు, మీరు అద్దెకో అసోసియేషన్ చందాకో రాసిన చెక్కు. గోళ్ళరంగు తుడిచే ద్రవంలో ఉండే అసిటోన్ లాంటివాటితో పేరు, అంకె కడిగేసి, సంతకం చెక్కుచెదరకుండా ఉంచి, తనకు నచ్చిన పేరూ నచ్చిన అంకే రాసుకుంటాడు. చెక్కు మోసాల మీద బ్యాంకులు ఆర్థిక నేరాల విభాగానికి పంపిన అనుమానపు నివేదికలు 2021లో 3,50,000 పైచిలుకు, 2022లో 6,80,000 పైచిలుకు. జెల్ సిరా కాగితం పీచులోకి ఇంకుతుంది గనుక సులువుగా వదలదు, నిజమే. దొంగ కూడా చదువుకున్నవాడే కాబట్టి ఇప్పుడు కడగడం మానేసి, మీ ఖాతా నంబరు చూసి కొత్త చెక్కులే అచ్చేసుకుంటున్నాడు. దానికి ఏ పెన్ను వాడాలో ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఫెడరల్ ప్రభుత్వం మటుకు జెల్ పెన్ను కొనుక్కోలేదు. సెప్టెంబరు 30 తర్వాత సర్కారు కాగితపు చెక్కులివ్వడం మానెయ్యాలని 2025 మార్చిలో అధ్యక్షుడి ఉత్తర్వు వెలువడింది. ట్రెజరీ చెక్కు పోవడం, దొంగల పాలవడం, దిద్దుబాటుకు గురవడం ఎలక్ట్రానిక్ చెల్లింపుకంటే 16 రెట్లు ఎక్కువని అందులోనే రాసుకున్నారు. తమ డబ్బు దగ్గరికొచ్చేసరికి పోస్టునే వదిలేశారు. మన డబ్బు దగ్గరికొచ్చేసరికి పెన్ను మార్చుకోమన్నారు.

ఇక కెమెరా మతం. పార్సిళ్ళను గుమ్మం ముందు వదిలి వెళ్ళే అమెజాన్, వాటిని ఎవరు ఎత్తుకుపోయారో చూపించే డోర్‌బెల్ కంపెనీ రింగ్‌ను 2018లో కొనేసింది. పోయే వస్తువూ వాళ్ళదే, పోవడం చూపించే కన్నూ వాళ్ళదే. దొంగలు పడిన ఆర్నెల్లకు మొరిగే కుక్క సామెత మనకు పాతదే. ఈ కుక్కకు నెలనెలా చందా కట్టడం ఒక్కటే కొత్త. వీడియో వెంటనే కాలనీ తెలుగు వాట్సాప్ గ్రూపులోకి దిగుతుంది. హుడీ, మాస్కు, కెమెరాకు వీపు. కింద స్పందనలు: 'అన్నా, మా వీధిలో కూడా ఇతనే.' 'బీ కేర్‌ఫుల్ బ్రదర్.' 'పోలీస్ రిపోర్ట్ ఇచ్చారా అండీ?' ఆఖరున ఒకాయన: 'క్లారిటీ అదిరింది, ఏ మోడలండీ, లింక్ పెట్టరూ.' సాయంత్రానికి నాలుగు కెమెరాలు ఆర్డరవుతాయి. అవీ గుమ్మం ముందుకే వస్తాయి.

రాబోయే ఉత్తరాల ముందువైపు ఫొటోలు పొద్దున్నే ఈమెయిల్లో పంపే సేవను పోస్టల్ శాఖ 2017లో దేశమంతా తెచ్చింది. పోయేముందు ఉత్తరాన్ని కడసారి చూసుకునే వీలన్నమాట. మరుసటి ఏడాదే సీక్రెట్ సర్వీసు హెచ్చరించింది: బాధితుల పేరుతో దొంగలే ఆ సేవలో నమోదై, ఏ ఇంటికి ఏ రోజు క్రెడిట్ కార్డు వస్తుందో ముందుగానే చూసుకుంటున్నారని. మొత్తానికి ఉత్తరం ఎప్పుడొస్తుందో ఇద్దరికీ ఒకే సమయానికి తెలిసే ఏర్పాటు జరిగింది.

నవ్వు ఆగే చోటు గ్రీన్‌కార్డు. ఇండియాలో పుట్టినందుకు ఏళ్ళూ పూళ్ళూ వరసలో నిలబడి, పిల్లలు కాలేజీకొచ్చాక వచ్చే ఆ కార్డు కూడా ఈ పోస్టులోనే, ఈ డబ్బాలోకే వస్తుంది. ట్రాకింగ్‌లో 'డెలివర్డ్' అని పడుతుంది. డబ్బాలో పిజ్జా కూపన్లుంటాయి. పోస్టాఫీసులో అడిగితే ఇచ్చామంటారు. ఇమిగ్రేషన్ వాళ్ళను అడిగితే పోస్టాఫీసు ఇచ్చానందిగా అంటారు. మళ్ళీ కార్డు ఇమ్మని ఐ-90 దరఖాస్తు, మళ్ళీ నాలుగు వందల డాలర్ల పైచిలుకు ఫీజు, మళ్ళీ నెలల ఎదురుచూపు. అన్నీ అయ్యాక కొత్త కార్డు ఎక్కడికొస్తుందయ్యా అంటే, అదే డబ్బాకు.

డబ్బా విషయంలో చట్టం ఏమీ పట్టనట్టు లేదు సుమండీ. గృహప్రవేశం పిలుపు కార్డును ఎదురింటివాళ్ళ మెయిల్‌బాక్సులో స్టాంపు లేకుండా వేసి చూడండి, జరిమానా పడే నేరం. డబ్బా కొన్నది ఇంటాయన, గుంజ పాతింది ఇంటాయన, మంచుకు వంగితే సరిచేసేదీ ఇంటాయనే. అయినా స్టాంపు లేని కాగితం వెయ్యడానికి వీల్లేదు. 1981లో సుప్రీంకోర్టు కూడా ఆ చట్టం సబబేనంది. లోపలికి వేసేవాళ్ళ మీద ఉన్నంత పట్టుదల, బయటికి తీసుకుపోయేవాళ్ళ మీద కూడా ఉంటే ఈ వ్యాసం రాసే పని నాకు తప్పేది.

క్లస్టర్ బాక్సును దొంగలు గునపంతో పెళ్ళగించారనుకోండి, చాలా కాలనీల్లో అది ఇళ్ళవాళ్ళ అసోసియేషన్ ఆస్తి. బాగుచేయించే దాకా పోస్టుమ్యాన్ రాడు. ఊళ్ళో పోస్టాఫీసుకు వెళ్ళి, వరసలో నిలబడి, గుర్తింపు కార్డు చూపించి మన ఉత్తరాలు తెచ్చుకోవాలి. ఆ కట్టలోనే అసోసియేషన్ నోటీసు ఉంటుంది: కొత్త బాక్సు కోసం ఇంటికింత చొప్పున ప్రత్యేక చందా, నెలాఖరులోగా చెక్కు రాసి పోస్టులో పంపగలరు.