జీబ్రా చెవికి ట్యాగు ఉందా?

లబూబు బొమ్మల జ్వరం ఇంకా దిగనేలేదు, మస్కట్‌లోని మా రువిలో మనవాళ్ళు కొందరు పాతకాలపు మందుల కంపెనీల బొమ్మలు ఏరడం మొదలెట్టారు. అవును, డాక్టర్లకు రెప్‌లు ఊరికే పంచిపెట్టినవే. యాంటీబయాటిక్ బొమ్మకి గిరాకీ ఎక్కువట. పెన్నులు, కప్పులు దాచుకునేవాళ్ళకి ఈ కొలువులో కుర్చీ లేదు.

మహారాజు మాత్రం ఫైజర్ వారి జిత్రోమాక్స్ జీబ్రా. ఒక మిత్రుడి షోకేసులో వెంకన్న పటానికీ లుబాన్ వేసే ధూపపాత్రకీ మధ్య కొలువుదీరింది. దానికి వంశచరిత్ర కూడా ఉంది. ఒకప్పుడు అమెరికాలో సెసమీ స్ట్రీట్ అనే పిల్లల కార్యక్రమాన్ని స్పాన్సర్ చేస్తూ, జెడ్ అంటే జిత్రోమాక్స్ అని ఫైజర్ అక్షరాభ్యాసం చేయించింది. పలక పట్టకముందే పసివాడికి మందు పేరు నోటికొచ్చేసింది!

చెవికి ట్యాగు ఉందా అన్నది మొదటి ప్రశ్న. తెగితే విలువ సగం. మందుకి ఎక్స్‌పైరీ ఉంటుంది, బొమ్మకి ఉండదు, అదే దీని గొప్ప అని మా మిత్రుడి సిద్ధాంతం.

ఉతకకూడదట కూడా. ఏ క్లినిక్ వెయిటింగ్ రూములోనో ఎంతమంది పిల్లల చీమిడి అంటిందో, ఆ మరకే అసలు సరుకుకి సాక్ష్యమట. యాంటీబయాటిక్ బొమ్మని క్రిములతో సహా కాపాడుకోవాలన్నమాట. ముట్టుకోబోతే ‘చేతులు కడుక్కున్నావా అన్నా?’ అని నన్నడిగాడు. జీబ్రాకి నా వల్ల ఇన్ఫెక్షన్ వస్తుందని బెంగ!

ఆయన ఇంట్లో పాపకి ముక్కు కారితే మాత్రం ఆ జాగ్రత్త ఏమైపోతుందో. ఇక్కడి ఫార్మసీలో చీటీ అడుగుతారని, ఊరి నుంచి వచ్చేవాళ్ళ సూట్‌కేసులో గోంగూర పచ్చడి పక్కన జీబ్రా గారి మందే, అంటే అజిత్రోమైసిన్ 500 స్ట్రిప్పులు తెప్పించుకుంటాం. జ్వరం తగ్గగానే ఆపేస్తాం. మిగిలినవి పక్కింటికి దానం చేస్తాం. జలుబు వైరస్ వల్ల, దాని మీద ఈ మాత్ర పనిచేయదు అని ఎన్నిసార్లు చెప్పాలి?

2022 నవంబరులో ఇదే మస్కట్‌లో దేశదేశాల మంత్రులు కూర్చుని మస్కట్ మేనిఫెస్టో ప్రకటించారు. మనుషులు వాడే యాంటీబయాటిక్స్‌లో 2030 నాటికి కనీసం 60 శాతం ‘యాక్సెస్’ గ్రూపువే, అంటే ముందుగా వాడదగ్గవే ఉండాలన్నారు. జీబ్రా గారి మందు అందులో లేదు, ఆచితూచి వాడమన్న ‘వాచ్’ గ్రూపులో ఉంది. 2023లో ల్యాబుల్లో తేలిన బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లలో ప్రపంచం మొత్తం మీద ఆరింట ఒకటి మందుకి లొంగలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ సంస్థ విభజనలో ఇండియా ఉన్న ప్రాంతంలోనూ, ఒమన్ ఉన్న ప్రాంతంలోనూ అది మూడింట ఒకటి. వదిలొచ్చిన చోటా అంతే, వచ్చిపడ్డ చోటా అంతే. మందు పనిచేయక మనుషులు పోతుంటే, మనం మందు బొమ్మకి ధర కడుతున్నాం. సిగ్గుండాలి.

అమెరికా కంపెనీలు 2009 నుంచి పెన్నులూ కప్పులూ పంచడం మానుకున్నాయి. ఇండియాలోనూ 2024లో కొత్త నియమావళి వచ్చింది. పంచేవాడు మానుకున్నా, ఏరుకునేవాడు దొరికాడు.

ఇదంతా చెబితే జవాబు సిద్ధం: ‘మా ఊరి ఆర్‌ఎంపీ ఇదే ఇచ్చేవాడండీ, ఏమైంది మాకు?’ ఇచ్చేవాడు నిజమే. ఆయనకి తెలిసింది అంతే, పదిమైళ్ళలో ఇంకో డాక్టరు లేడు. జేబులో ఇన్సూరెన్స్ కార్డు, కిటికీలోంచి చూస్తే పాలీక్లినిక్ బోర్డు ఉన్న మీకేం వచ్చింది?