తిన్నానని చెప్పాను

సూది వేసే ముందు వార్డు సచివాలయంలో ఏఎన్ఎం అమ్మాయి నన్ను రెండే మాటలు అడిగింది. "షుగరుందా టీచర్ గారూ?" అంది. ఉందన్నాను. "పొద్దున ఏమన్నా తిన్నారా?" అంది. తిన్నానన్నాను. ఆ రెండోది అబద్ధం. 2022 ఆగస్టులో సంగతి ఇది. నాకప్పటికి అరవై రెండేళ్లు. తెనాలి చుట్టుపక్కల బళ్లలో ముప్పై మూడేళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మనిషిని. ఆ ఒక్క మాట వల్ల ఏం జరిగిందో మా ఇంట్లో కూడా పూర్తిగా చెప్పలేదు. ఇప్పుడు చెప్పుకుంటున్నాను.

నా అబద్ధాలు ఆ పొద్దున మొదలైనవి కావు. షుగరు బయటపడి అప్పటికి పదమూడేళ్లు. మూడు నెలలకోసారి రక్తపరీక్ష ఉండేది. పరీక్ష తేదీకి మూడు రోజుల ముందు నుంచి అన్నం మానేసి రాగిజావ తాగేదాన్ని, సాయంత్రం నడక రెట్టింపు చేసేదాన్ని. పరగడుపు రీడింగు 118 వచ్చేది. డాక్టరు గారు బాగుందనేవారు. ఆ మాట వినగానే పరీక్ష పాసైన పిల్లలా ఇంటికొచ్చేదాన్ని. నాలుగో రోజు నుంచి మళ్లీ మామూలే. రాత్రి పెరుగన్నం, అందులోకి మామిడిపండు ముక్కలు.

2022 జనవరిలో కొత్త డాక్టరు హెచ్‌బీఏ1సీ పరీక్ష రాశారు. ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు చక్కెర ఎంత అంటుకుందో చూసే పరీక్ష అది. ఆ కణం రమారమి 120 రోజులు బతుకుతుంది కాబట్టి మూడు రోజుల పస్తు దాని ముందు చెల్లదు. గడిచిన రెండు మూడు నెలల బండారమంతా బయటపెడుతుంది. నాకు 9.2 వచ్చింది. దాన్ని సగటు షుగరుగా మార్చే సూత్రం ఒకటుంది. ఆ అంకెను 28.7తో గుణించి 46.7 తీసేయాలి. చేసి చూస్తే 217 తేలింది. ఒక్క రోజు మార్కు వేరు, ఏడాది సగటు వేరు అని ఎన్ని వందల మంది పిల్లలకు చెప్పానో. ఆ కాగితం మడిచి బీరువాలో చీరల కింద పెట్టేశాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే, జనవరి 10న, అరవై దాటిన జబ్బుమనుషులకు కోవిడ్ టీకా ప్రికాషన్ డోసు మొదలైంది. జనం నోట బూస్టరే అయింది గానీ ప్రభుత్వం పెట్టిన పేరు ప్రికాషన్ డోసే. నా రెండో డోసు 2021 ఏప్రిల్ చివర్లో అయింది. 39 వారాలు గడవాలన్నారు కనక జనవరి ఆఖరుకు నా వంతు వచ్చింది. ఫోనుకు సందేశం కూడా వచ్చింది. మావారు వెళ్లి వేయించుకున్నారు. నేను మాత్రం ఒక లెక్క వేసుకున్నాను. ఈ 9.2ను 7కు దించుకుని, ఒళ్లు దారికొచ్చాక అప్పుడు వేయించుకుందాం అని. ఇలా ఏ డాక్టరూ చెప్పలేదు. షుగరెక్కువున్న ఒంటికి టీకా పడదని నాకు నేనే అల్లుకున్నాను.

అల్లుకోవడం వెనక అసలు భయం ఇంకొకటి. అక్కడ వేలు పొడిచి షుగరు చూస్తారేమో, అందరి ముందూ నా అంకె చదువుతారేమో అని. నిజానికి టీకా దగ్గర ఎవరినీ షుగరు చూసి వెనక్కి పంపలేదు. పంపకూడదు కూడా. షుగరు ఎక్కువగా ఉన్నప్పుడు క్రిములతో పోరాడే తెల్లకణాల సత్తువ తగ్గుతుంది. అందుకే ఆ టీకా అవసరం మొదట నాలాంటివాళ్లకే. నేను దాన్ని తలకిందులుగా పట్టుకున్నాను.

ఇది నాకు తెలియక కాదు. 2021 వేసవిలో, రెండో వేవులో, నాతో పనిచేసిన సైన్సు మాస్టారికి కోవిడ్ వచ్చింది. షుగరు పాతదే. ఊపిరి కోసం స్టెరాయిడ్లు ఇచ్చారు, షుగరు అదుపు తప్పింది. ప్రాణం దక్కింది గానీ ఆసుపత్రి నుంచి వచ్చిన పది రోజులకు ముక్కు పక్కన నొప్పి, బుగ్గ తిమ్మిరి, కంటి కింద వాపు మొదలయ్యాయి. బ్లాక్ ఫంగస్. ఆ మే నెలలోనే మన రాష్ట్రంలో ఆ జబ్బును ఆరోగ్యశ్రీలో చేర్చారు. ఆపరేషన్లో ఆయన కుడికన్ను తీసేయాల్సి వచ్చింది. చూడ్డానికి వెళ్తే ఆయన నా చెయ్యి పట్టుకుని అన్న మాట ఒకటే. "మీరు అశ్రద్ధ చెయ్యకండి టీచర్ గారూ." సరేనని వచ్చాను. ఏడు నెలలు తిరగ్గానే చేసిన పని ఇదీ.

హైదరాబాదు నుంచి మా అబ్బాయి ఫోను చేసి అడిగాడు. "అయిపోయిందిరా" అన్నాను. అంత తేలిగ్గా నోటికొచ్చింది.

ఆరు నెలలు అలా నెట్టాను. శ్రావణమాసం వరలక్ష్మీ వ్రతానికి అబ్బాయీ కోడలూ వచ్చారు. పూర్ణం బూరెలు వండాం, మూడు తిన్నాను. మర్నాడు ఏఎన్ఎం అమ్మాయి చేతిలో కాగితాలతో గుమ్మంలోకొచ్చింది. జులై 15 నుంచి పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లందరికీ ఉచితం చేశారు. డోసుల మధ్య గడువు కూడా ఆరు నెలలకు తగ్గించారు. ఇల్లిల్లూ తిరిగి మిగిలినవాళ్లను పిలుస్తున్నారు. "టీచర్ గారూ, మీది పెండింగు చూపిస్తోందండీ" అంది. కోడలు కాఫీ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. "అదేంటత్తయ్యా, జనవరిలోనే అయిందన్నారుగా?" అంది. అబ్బాయి ఏమీ అనలేదు. వాడు నా వంక చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోవడం నాకింకా కళ్ల ముందుంది.

ఆ సిగ్గుకు మర్నాడు పొద్దున్నే బయల్దేరాను. అప్పటికైనా బుద్ధి రాలేదు. బూరెలు తిన్న ఒళ్లు, అక్కడ ఒకవేళ షుగరు చూస్తే ఎంత వస్తుందోనని ఏమీ తినకుండా, మామూలుగా వేసుకునే గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ మాత్రలు మాత్రం మంచినీళ్లతో మింగి వెళ్లాను. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగరు అంతగా పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్ అలాంటిది కాదు. మనం తిన్నామా లేదా అన్నది దానికి పట్టదు, క్లోమం చేత ఇన్సులిన్ వదిలించేస్తుంది. ఆ మందు చీటీ మీద "తిండికి ముందు" అని ఉంటే, దాని వెనకే తిండి ఉండాలని అర్థం. పదమూడేళ్లుగా వేసుకుంటున్న మాత్ర అది.

సచివాలయం వరండాలో పాతికమంది దాకా ఉన్నారు. నా వెనక మా వీధి మలుపులో ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆవిడ నిలబడింది. యాభై ఏళ్లుంటాయి. ఆవిడకూ షుగరే. డబ్బులున్న నెల మాత్రలు కొంటుంది, లేని నెల మానేస్తుంది. "నాకు బయ్యంగా ఉందమ్మా, మీరేయించుకుంటున్నారు గదాని వొచ్చా" అంది. ధైర్యం చెప్పాను. నా వంతు వచ్చింది, అడిగారు, తిన్నానన్నాను, ఎడమ భుజానికి కోవిషీల్డ్ వేశారు, అరగంట కూర్చోమన్నారు.

పది నిమిషాలకు వేళ్లు వణకడం మొదలైంది. మెడ వెనక చల్లటి చెమట. గుండె దడ. ఎదుటి గోడ మీది అక్షరాలు అలుక్కుపోయాయి. అది షుగరు పడిపోవడమేనని నాకు తెలుసు. రెండుసార్లు అనుభవమే. "చక్కెర ఇవ్వండమ్మా" అంటే సరిపోయేది. అనలేదు. అంటే తినలేదని తెలిసిపోతుంది. కళ్లు మూసుకుని కూర్చున్నాను, ఎవరూ చూడకుండా తగ్గుతుందేమోనని.

పక్కామె చూసి కేక వేసింది. ఏఎన్ఎం అమ్మాయి పరుగున వచ్చింది. టీకా వికటించిందనుకుని ఆ పిల్ల ముఖం పాలిపోయింది. నన్ను బల్ల మీద పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టారు. నాడి చూశారు, అత్యవసరం మందుల పెట్టె తెరిచారు, ఎవరో అంబులెన్సుకు ఫోను కలుపుతున్నారు. క్యూలోంచి మాటలు వినపడుతున్నాయి. "సూదేసిన పది నిమిషాలకే", "షుగరోళ్లకి పడదంట". అవన్నీ నాకు వినపడుతూనే ఉన్నాయి. అప్పుడూ నోరు విప్పలేదు. ఎంతసేపో చెప్పలేను, రెండు నిమిషాలో నాలుగు నిమిషాలో. ఆఖరికి ఆ అమ్మాయే తన సంచిలోంచి గ్లూకోమీటరు తీసి నా వేలు పొడిచింది. 54. "తిన్నానన్నారు కదండీ!" అంది. కోపం లేదు ఆ గొంతులో, ఏడుపు ఉంది.

మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించారు. పావుగంటకు మళ్లీ చూస్తే 88. తన డబ్బాలో ఇడ్లీ నా చేత తినిపించింది. లేచి కూర్చుని క్యూ వైపు చూశాను. పాతికమందిలో పదిమంది కూడా మిగల్లేదు. ఇస్త్రీ ఆవిడ లేదు.

ఆ రాత్రి చలితో జ్వరం వచ్చింది, 101. టీకా తర్వాత ఒకటి రెండు రోజులు వచ్చేదే అది. అయితే మర్నాడు పొద్దున మీటరు 340 చూపించింది. రాత్రి తిన్నది గరిటెడు జావ. తినకపోయినా ఇంత ఎలా వచ్చిందని కంగారుపడి ఇంకో మాత్ర చేతిలోకి తీసుకున్నాను. మింగి ఉంటే ముందురోజు కథే మళ్లీ జరిగేది. ఏ మంచి ఘడియో, మాత్ర కింద పెట్టి మా అబ్బాయిని పిలిచాను. తినకుండా వెళ్లానని, తిన్నానని చెప్పానని, చీరల కింద కాగితం ఉందని, అన్నీ చెప్పాను. వాడు ముందు డాక్టరుకు ఫోను చేసి ఇచ్చాడు.

డాక్టరు గారు మొదట అడిగింది చేతులు కడుక్కున్నారా అని. మీటరు పట్టుకునే ముందే మావారికి దానిమ్మ ఒలిచి ఇచ్చాను. సబ్బుతో కడిగి తుడుచుకుని చూస్తే 262. వేలికున్న పండు తీపిని కూడా మీటరు రక్తంలో కలిపేసింది. మిగిలిన 262 మాత్రం నిజమే. జ్వరం వచ్చినప్పుడు ఒళ్లు కార్టిసాల్, ఎడ్రినలిన్ వంటి హార్మోన్లను వదులుతుందట. వాటి మాట విని కాలేయం దాచుకున్న చక్కెరను రక్తంలోకి పోస్తుంది, ఉన్న ఇన్సులిన్ సరిగా పనిచేయదు. అందుకే తినకపోయినా పెరుగుతుంది. మాత్రలు రెట్టింపు చేయొద్దు, మానేయొద్దు, కొంచెం కొంచెంగా తింటూ ఉండండి, నీళ్లు బాగా తాగండి, జ్వరానికి పారాసిటమాల్, నాలుగు గంటలకోసారి షుగరు చూసి రాసుకోండి అన్నారు. 300 దాటి దిగకపోయినా, వాంతులయినా, ఏమీ తినలేకపోయినా వెంటనే ఫోను చేయమన్నారు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు జ్వరంలో తినలేదని సొంతంగా సూది మానేయడం మరీ ప్రమాదమని అప్పుడే విన్నాను. మూడో రోజుకు 170కి వచ్చింది. ఆ అంకెలు రాసుకున్న నోటుబుక్కు ఇంకా వాడుతున్నాను. ఆ తర్వాత ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా కూడా డాక్టరు చెప్పగానే వేయించుకున్నాను, రెండుసార్లూ టిఫిను తిని వెళ్లి.

ఒంటికి తగ్గినా నాకు నిద్ర పట్టలేదు. సచివాలయానికి వెళ్లి ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పుకున్నాను. "మీకు తగ్గింది, చాలండీ. కానీ వెళ్లిపోయినవాళ్లు మళ్లీ రావట్లేదు" అంది. టీచరమ్మకే అలా అయిందట అన్న మాట మా వీధి దాటి పక్క వీధికి పోయింది. ముప్పై మూడేళ్లు చెప్పింది నమ్మిన ఊరది. దీన్ని కూడా నమ్మింది.

ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్లాను. "నేను తినకుండా వెళ్లానమ్మా, తిన్నానని అబద్ధమాడాను, టీకా తప్పు కాదు" అన్నాను. ఆవిడ పెట్టెలో బొగ్గులు విసురుతూ విన్నది. "మా కోసం అట్టా చెబుతున్నారులే టీచరమ్మా" అంది. నా అబద్ధాన్ని నమ్మినంత తేలిగ్గా నా నిజాన్ని నమ్మలేదు. నాలుగుసార్లు వెళ్లాను. సెప్టెంబరు 30తో ఆవిడ వయసువాళ్లకు ఉచితం గడువు అయిపోయింది. ఆవిడ వేయించుకోలేదు.

అయిదోసారి వెళ్లినప్పుడు టీకా మాట ఎత్తలేదు. మీటరు, నోటుబుక్కు పట్టుకెళ్లాను. బండి పక్కన స్టూలు మీద కూర్చుని, ఆవిడ చూస్తుండగా సీసా నీళ్లతో చెయ్యి కడుక్కుని నా వేలు పొడుచుకున్నాను. 196. పైకే చదివాను. దారిన పోయేవాళ్లు ఒకరిద్దరు ఆగి చూశారు. ఆవిడ కాసేపు ఆ అంకె వంక చూసి, బొగ్గుమసి చేతులు కడుక్కుని వచ్చి, "ఏదీ, నాదీ చూడండి" అంది.

ఆవిడది 281. ఆ నెల మాత్రలు లేవట. నోటుబుక్కులో నా అంకె పక్కన ఇంకో గీత గీసి ఆవిడ అంకె రాశాను. ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున బండి పెట్టకముందే మా ఇంటికి వస్తుంది. ముందు నాది చూసి చదువుతాను, తర్వాత ఆవిడది.