బండి మొత్తుకుంటుంటే ఇనవేందిరా!

ఏమ్రా పిల్లలూ, మీ సైకిళ్లు ఎందుకట్ల కూత పెడుతున్నయ్? పాలమూరు క్లాక్ టవర్ కాడ గానీ, నల్లగొండ గడియారం చౌరస్తాల గానీ పొద్దుగాల జరసేపు నిలబడితే చాలు, బ్రేకు పట్టంగనే కీచుమని ఒకటే మోత. హ్యాండిలు గడగడ అదురుతది. అడిగితే "డిస్క్ బ్రేకు గదా తాతా, గట్లనే ఉంటది" అంటరు. ఎందుకుంటది? చూసుకోకుంటే ఉంటది.

మా రోజుల్లో రాడ్ బ్రేకులుండె. హీరో అయినా, అట్లాస్ అయినా అంతే. బ్రేకు పట్టంగనే ఇనుప రాడ్డు మీదికి లేచి, రెండు రబ్బరు ముక్కలు రిమ్ము లోపలి అంచుకు ఆనేటివి. అన్నీ కండ్లకు కనవడేటివి. ఏది లూజైందో, ఏ రబ్బరు అరిగిందో పిల్లగానికి సుత ఎరుకే. గౌడన్నలు కల్లు కుండలు గట్టుకొని, పాలోళ్లు రెండు దిక్కుల క్యాండ్లు ఏలాడేసుకొని గుట్టబాటలల్ల దిగుతుండె. చప్పుడంటే క్యాండ్ల మూతలదే. గంట కిరాయికి సైకిలిచ్చే దుకాణాలుండె. బండి తీస్కపోయే ముందు బ్రేకు నొక్కి చూసుకునుడు మా అలవాటు. ఆ దుకాణాలు పోయినయ్, ఆ అలవాటూ పోయింది. వానల తడిసిన స్టీలు రిమ్ము మీద మా రబ్బరు సరిగ పట్టకపోయేది, నిజమే. డిస్కు తడిసినా మంచిగ పడతది, అదీ ఒప్పుకుంట. అంత మంచి బ్రేకును పట్టించుకోకుంటే ఏం లాభం?

ఈ గోల కొత్తది గాదు. 1902ల ఇంగ్లండుల లాంచెస్టర్ అనే ఇంజనీరు కార్లకు డిస్క్ బ్రేకు పేటెంటు తీసుకున్నడు. దాంట్ల రాగి ముక్కలు డిస్కుకు రాసుకొని చెవులు చిల్లులు పడేటట్టు అరిచేటివి. ప్యాడు డిస్కును ఒకపారి పట్టి, ఒకపారి జారితే అదురు పుడతది. ఆ అదురే కూత.

సగం పాపం నూనెది. మొన్న మా మనుమడు చైనుకు నూనె స్ప్రే కొట్టిండు. వెనక డిస్కు పక్కనే ఉండె. వేలుతోని ముట్టి చూస్తే జిడ్డు. తెల్లారి నుంచి ఒకటే అరుపు. చక్రం ఇప్పి, సాపు బట్టకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పెట్టి, బట్టకు నలుపు అంటకుండయ్యేదాకా తుడిపిచ్చిన. ప్యాడ్లు గాజు లెక్క నున్నగైనయ్; ఉప్పు కాయితం మీద పెట్టి మెల్లగ రుద్దితే గరుకుదేలినయ్. నూనె లోపలికి ఇంకితే మాత్రం రుద్దినా ఫాయిదా లేదు, కొత్తయి ఎయ్యాల్సిందే.

తుడిచినా ఆగకుంటే పానా అందుకో. డిస్కు బోల్టులు, కాలిపర్ బోల్టులు బిగువున్నయా చూడు. కాలిపర్ రెండు బోల్టులు జర వదులు చేసి, బ్రేకు గట్టిగ పట్టి, ఇదింత అదింత బిగించు, నడుమకొస్తది. వైరు బ్రేకుల్ల శానా మట్టుకు ఒక్క ప్యాడే కదుల్తది, రెండోదాన్ని చేత్తోని సవరించాలె. చక్రం తిప్పి సందుల కన్ను పెట్టు. డిస్కు అటిటు ఊగితే వంగినట్టు. కొత్త డిస్కు మందం దాదాపు 1.8 మిల్లీమీటర్లు, 1.5కు అరిగితే మార్చుడే. ముందు బ్రేకు పట్టి బండిని ముందుకెనక్కి ఊపు. హ్యాండిలు కప్పుల కాడ లటలటలాడితే అదురు అక్కడిది. కొత్త ప్యాడ్లేస్తే ఖాళీ జాగల జోరుగ పోయి, చక్రం లాక్ గాకుండ మెల్లగయ్యేదాకా బ్రేకు పట్టాలె. ఇట్ల ఓ ఇరవై పార్లు. గప్పుడే ప్యాడూ డిస్కూ కుదురుకుంటయ్. అయినంక డిస్కును ముట్టకు, చెయ్యి కాలుతది.

మీరేమో చెవుల పాటలు పెట్టుకొని తిరుగుతరు, బండి ఏమంటున్నదో ఇనరు. చిన్న చప్పుడైతే దుకాణంల ఇడిసిపెట్టి వస్తరు, లేకుంటే కొత్తది కొందామంటరు. మా తరం బండిని ఇంటి మనిషి తీరుగ చూసుకున్నది. మీరు సామాను చేసిన్రు. ఐతారం పొద్దుగాల జరసేపు ఫోను పక్కకు పెట్టి బండి ముంగట కూసో, బిడ్డా. అరిచే బ్రేకు అవసరానికి పడతదో లేదో నమ్మకం లేదు. బాగుచేసినంకనే బయటికి తియ్యి.