మొదటి గిరాకీ

కార్లు అమ్మే ఉద్యోగమట! రావులపాలెం కుర్రాడు బస్సెక్కి రాజమండ్రి వస్తే ముందు ‘శిక్షణ ఫీజు’ కట్టమన్నారు. తర్వాత యూనిఫాం డబ్బులు, ఆపైన తిరిగిరాని డిపాజిట్. శిక్షణలో నేర్పేదేమిటయ్యా అంటే చుట్టాల ఫోన్ నంబర్లు రాయడం: పెదనాన్న, మేనమామ, మొన్ననే కొబ్బరితోట అమ్మిన పక్కింటాయన... జాబితా పూర్తయ్యాక టార్గెట్, టార్గెట్ తప్పాక ఇంటిదారి. కారు ఒక్కటీ కదల్లేదు, అయినా లాభమే. కుర్రాడే గిరాకీ మరి!

అప్రెంటిస్‌ల చట్టం (1961) మాత్రం నేర్చుకునేవాడికే స్టైపెండ్ ఇవ్వమంటోంది. ఉద్యోగాలకు పైసా తీసుకోబోమని మారుతి సుజుకి లాంటి కంపెనీలూ చెబుతూనే ఉన్నాయి. తమ్ముళ్లూ, ఫీజు అడిగితే ముందు రసీదు అడగండి. ఆన్‌లైన్‌లో కట్టి మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టండి.