పేరు గొప్ప, పరిహారం ఇంకా గొప్ప

ఏటా నవంబరు వచ్చేసరికి అమెరికా యూనివర్సిటీల్లో ఒకటే రగడ. ఉన్న ఫుట్‌బాల్ కోచ్‌ని పీకేద్దామా? పెద్ద పేరున్న కోచ్‌ని పట్టుకొద్దామా? (మనం చూసే ఫుట్‌బాల్ కాదు, హెల్మెట్లు పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకునేది.) నన్నడిగితే పేరున్నవాణ్నే తేవాలంటాను. జట్టు గెలుస్తుందని కాదు. ఊరూపేరూ లేనివాణ్ని తెచ్చి ఓడితే తెచ్చినవాడి తల తెగుతుంది. పేరున్నవాణ్ని తెచ్చి ఓడితే ఆ తల ఇంకో మూడు నాలుగేళ్లు భద్రం.

టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీనే తీసుకోండి. 2017లో జింబో ఫిషర్‌ని తెచ్చారు. ఫ్లోరిడా స్టేట్‌కి జాతీయ టైటిల్ తెచ్చిపెట్టిన మనిషి. పదేళ్లకు 7.5 కోట్ల డాలర్లు, ఎలా ఆడించినా పైసా తగ్గదు. ఆయన అడుగుపెట్టగానే ఛాన్సలర్ జాన్ షార్ప్ ఓ జ్ఞాపిక చేతిలో పెట్టారు. దాని మీద జాతీయ ఛాంపియన్లు అని చెక్కించి, సంవత్సరం దగ్గర మాత్రం ఖాళీ వదిలారు. పెళ్లికూతురు కుదరకముందే శుభలేఖలు అచ్చేయించినట్టు.

ఆ ఖాళీ ఖాళీగానే ఉంది. మధ్యలో 2021లో ముచ్చటపడి కాంట్రాక్టు పొడిగించారు కూడా. 2023 నవంబరులో ఇక వద్దు మహాప్రభో అని సాగనంపడానికి తేలిన లెక్క సుమారు 7.6 కోట్ల డాలర్లు. మన లెక్కలో ఆరొందల కోట్ల రూపాయల పైమాటే. పదేళ్లు పనిచేయమని ఒప్పుకున్న మొదటి మొత్తం కంటే, ఇక పనిచేయొద్దని బతిమాలుకున్న మొత్తమే ఎక్కువ. పైగా ఆయన ఇంకో ఉద్యోగం వెతుక్కోనక్కర్లేదు, దొరికినా ఇందులో కోత లేదు. ఇలాంటి కాంట్రాక్టు రాసిన లాయరుకు కదా విగ్రహం పెట్టాల్సింది!

ఫిషర్‌ని తెచ్చిన అథ్లెటిక్ డైరెక్టర్ స్కాట్ వుడ్‌వర్డ్ మాత్రం బిల్లు వచ్చేసరికి అక్కడ లేరు. 2019లోనే లూసియానా స్టేట్ యూనివర్సిటీకి, అంటే ఎల్‌ఎస్‌యూకి మారిపోయారు. 2021లో అక్కడ మళ్లీ అదే వంట. నోటర్‌డామ్ నుంచి బ్రయన్ కెల్లీ, పదేళ్లకు 9.5 కోట్ల డాలర్లు. మసాచుసెట్స్‌లో పుట్టి పెరిగిన కెల్లీ, వచ్చిన కొత్తలోనే బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లో మైకు పట్టుకుని, అంతకుముందు ఆయన నోట ఎవరూ వినని దక్షిణాది యాసలో మాట్లాడేసరికి దేశమంతా నవ్వుకుంది. యాస కూడా కాంట్రాక్టులో ఉందేమో, పాపం.

అన్నట్టు ఈ ఎల్‌ఎస్‌యూలోనే 2019లో 2.8 కోట్ల డాలర్లతో ఫుట్‌బాల్ భవనాన్ని సింగారించారు. ఆటగాళ్ల లాకర్లు చాచితే పడకలైపోతాయి. అదే క్యాంపస్‌లో లైబ్రరీలోకి నీళ్లొస్తున్నాయని విద్యార్థులు మొత్తుకున్నారు. అది దాతల సొమ్ము, దీనికీ దానికీ ముడిపెట్టకండి అని జవాబు. నిజమే, దాత ఇష్టం దాతది. శనివారం రాత్రి లక్ష మంది టికెట్లు కొనుక్కొచ్చి, పిల్లలు పుస్తకాలు చదువుతుంటే ఈలలు వేసే రోజొస్తే లైబ్రరీ కప్పు కూడా బాగుపడుతుంది.

కెల్లీ కథ 2025 అక్టోబరులో ముగిసింది. సొంత గడ్డ మీద 49-25తో చిత్తుచేసింది ఎవరనుకున్నారు? టెక్సస్ ఏ అండ్ ఎం! ఫిషర్‌ని వదిలించుకున్నాక, ఒకప్పుడు ఆయన కిందే పనిచేసిన మైక్ ఎల్కోని కోచ్‌గా తెచ్చుకున్న జట్టు. మర్నాడే కెల్లీని తీసేశారు. బాకీ 5.4 కోట్లు. ముందు రెండున్నర, తర్వాత మూడు కోట్లకు బేరమాడితే కెల్లీ ససేమిరా అన్నారు. ఆయన వేసిన దావా ప్రకారం, తీసేశామని ఊరంతా చాటాక, అబ్బే, లాంఛనంగా ఇంకా తీసెయ్యలేదని యూనివర్సిటీ వాళ్లు వాదించారట. చివరికి ఆ వాదన మానుకుని బాకీ ఒప్పుకున్నారు.

ఈలోగా లూసియానా గవర్నర్ జెఫ్ ల్యాండ్రీ రంగంలోకి దిగారు. ఇంతింత కాంట్రాక్టులేంటని మండిపడ్డారు. కొత్త కోచ్‌ని వుడ్‌వర్డ్ చేత ఎంపిక చేయించే బదులు ట్రంప్‌కి అప్పగించడం నయమన్నారు. రోజుల్లోనే వుడ్‌వర్డ్ వెళ్లిపోయారు. ఉత్త చేతులతో కాదు లెండి. ఇక పొదుపు మొదలైంది. నవంబరు 30న లేన్ కిఫిన్‌ని తెచ్చారు: ఏడాదికి సుమారు 1.3 కోట్ల చొప్పున ఏడేళ్లకు, వెరసి 9.1 కోట్ల డాలర్లు. పదేళ్లకు 9.5 కోట్లు దుబారా, ఏడేళ్లకు 9.1 కోట్లు పొదుపు. లెక్కల మాస్టార్లు క్షమించాలి.

నార్త్ కరోలినా సంగతి క్లుప్తంగా: ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లో ఆరు సూపర్ బౌల్స్ గెలిపించిన బిల్ బెలిచిక్‌ని ఏడాదికి కోటి డాలర్లకు తెచ్చుకుంది. మొదటి మ్యాచ్‌లో 14-48తో ఓటమి, సీజన్ మొత్తానికి నాలుగు గెలుపులు, ఎనిమిది ఓటములు.

మరి నిక్ సేబన్ లేడా అంటారు. ఉన్నాడు. 2007లో అలబామా భారీగా పోసి తెచ్చుకుంటే ఆరు జాతీయ టైటిళ్లు గెలిచిపెట్టాడు. లాటరీ తగిలినవాడి ఫొటో టికెట్ల దుకాణం ముందు కట్టినట్టే, ఆ ఒక్క ఉదాహరణను చూపించి ఏజెంట్లు ఇన్నేళ్లుగా కాంట్రాక్టులు అమ్ముకుంటున్నారు. ఇండియానా కథ చెప్పి అమ్మడం మాత్రం కష్టం. ఓటముల చరిత్రకే పేరుమోసిన ఆ జట్టు 2023 చివర్లో జేమ్స్ మాడిసన్ అనే చిన్న ప్రోగ్రాం నుంచి కర్ట్ సిగ్నెట్టీని తెచ్చుకుంది. నేనెవరో గూగుల్ చేసి చూసుకోండి అన్నాడాయన. 2026 జనవరిలో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా జాతీయ టైటిల్ కొట్టాడు.

కిఫిన్ దగ్గరికే వద్దాం. ఒక్క సీజన్‌కే టెనెసీని వదిలిపోతే విద్యార్థులు వీధికెక్కి పరుపు తగలబెట్టారు. 2013లో యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా (యూఎస్‌సీ) ఆయన్ని తెల్లవారుజామున విమానాశ్రయంలోనే తీసేసింది. ఈసారి మాత్రం 11 మ్యాచ్‌లు గెలిచి ఒక్కటే ఓడిన ఓల్ మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ) జట్టును, సరిగ్గా ప్లేఆఫ్స్ ముంగిట వదిలేసి ఎల్‌ఎస్‌యూకి వెళ్లారు. ప్లేఆఫ్స్ దాకా ఉంటానంటే ఓల్ మిస్ వద్దంది. డిఫెన్స్ చూసుకునే పీట్ గోల్డింగ్‌కి పగ్గాలిచ్చింది. ఆ జట్టు టులేన్‌ని కొట్టింది. జనవరి 1న న్యూ ఆర్లీన్స్‌లో, అంటే ల్యాండ్రీగారి రాష్ట్రంలోనే, జార్జియానూ కొట్టి సెమీఫైనల్‌కి చేరింది. కిఫిన్‌కేం నష్టం లేదు. ఓల్ మిస్ ప్లేఆఫ్స్‌లో గెలిస్తే అక్కడ రావాల్సిన బోనస్ తామే ఇస్తామని ఎల్‌ఎస్‌యూ ముందే కాంట్రాక్టులో ఒప్పుకుంది.