జువ్వలదిన్నెలో రాళ్లెక్కే జీపు: తయారు చేయు విధానం

కావలసినవి: పాత ఎంఎం 540 జీపు ఒకటి. ఫోను ఒకటి, అందులో అమెరికావాళ్లు మోయాబ్ బండల మీద జీపుల్ని బల్లుల్లా పాకించే వీడియోలు తగినన్ని. కాదనలేని బావమరిది ఒకడు. అడగడం మానేసిన భార్య ఒకరు. రాళ్లు మీ ఇష్టం, ఉన్నా సరే, లేకున్నా సరే.

రాళ్లు తప్పనిసరి కాదని ఎందుకంటున్నానంటే మాది జువ్వలదిన్నె. నెల్లూరు జిల్లా, బోగోలు మండలం. బిట్రగుంటలో రైలు దిగి తూర్పుకు తిరిగితే రొయ్యల గుంటలు, సరుగుడు తోపులు, ఇసుక, సముద్రం. దిన్నె ఊరి పేరులోనే గానీ ఊళ్లో జీపుకు ఆనేంతది లేదు. 2020 నవంబరు 21న ఫిషింగ్ హార్బరుకు శంకుస్థాపన జరిగింది. ఆ తరవాత అలల్ని ఆపే గట్లకని టిప్పర్ల మీద బండరాళ్లొచ్చాయి. మాకున్న రాళ్లు అవే, అవీ వలసొచ్చినవే. సముద్రాన్ని ఆపడానికి పోశారు గానీ నేనెక్కుతానని కాదు. అయినా నా జీపు ఆరేళ్లుగా రాళ్లెక్కడానికి తయారవుతూనే ఉంది. ఈ పాఠం చెప్పడానికి నాకున్న అర్హత అదొక్కటే.

1. ముందుగా, బాగా నడుస్తున్న బండిలో లోపం వెతకండి. నడవని బండిని బాగుచేయడం మెకానిక్కు పని. నడిచే బండిని బాగుచేయడం కళ.

2. టైర్లతో మొదలుపెట్టండి. 29 అంగుళాల టైరు తీసి 33 అంగుళాలది వేయండి. ఎత్తు నాలుగంగుళాలు పెరిగిందని ఊరంతా చెప్పుకోండి. నిజానికి ఇరుసు లేచేది అందులో సగం, రెండంగుళాలే. ఆ రెండంగుళాల కోసం బండి తన బలంలో ఎనిమిదో వంతు వదులుకుంటుంది. ఇరుసులోని క్రౌన్ పినియన్ నిష్పత్తి 4.88 అయితే, ఇప్పుడది 4.29 లాగా ఈడుస్తుంది. మీటరు 50 చూపిస్తుంటే మీరు 57లో పోతుంటారు. అసలు పోతుంటే.

3. పోయిన బలం తిరిగి తెచ్చుకోడానికి క్రౌన్ పినియన్ మార్చండి. 8 పళ్ల పినియన్ మీద 39 పళ్ల క్రౌన్ అంటే 4.88, 43 పళ్లదైతే 5.38. వెనకది మార్చాక, ముందుది కూడా అదే లెక్కకు మార్చకపోతే నాలుగు చక్రాలూ కలిపి నడిపినప్పుడు ముందూ వెనకా ఒకదాన్నొకటి పీక్కుంటాయని మెకానిక్కు చెబుతాడు. ఈ మాట అతను వెనకది బిగించిన తరవాతే చెబుతాడు. అది ఆ వృత్తి ధర్మం.

4. ఇంట్లో వాడే మాటలు జాగ్రత్తగా ఎంచుకోండి. ఇరుసుల్లో పేరున్నది డానా. 1904లో అమెరికాలో స్పైసర్ అనే ఆయన యూనివర్సల్ జాయింట్లు చేయడానికి పెట్టిన కంపెనీయే తరవాత డానా అయింది. మన షెడ్లలో 'క్రాసు' అనే ముక్క ఆ వంశానిదే. డానా 44లో క్రౌన్ వ్యాసం ఎనిమిదిన్నర అంగుళాలు, డానా 60లో తొమ్మిదిముప్పావు. ఒకరాత్రి ఫోనులో బావమరిదితో "44 చాలదురా, డానా 60 కావాలి" అంటుంటే మా అమ్మ లోపలినుంచి కేకేసింది.

"గొడ్లు అమ్మేసి పదేళ్లయింది గదా నాయనా, దాణా ఎవురికి?"

ఆలోచిస్తే ఆమె పొరబడలేదు. మేపుతూనే ఉన్నాను. పాలే లేవు.

5. ఇది ముఖ్యమైన మెట్టు, కూర్చుని చదవండి. బండిలో ఏది విరిగితే దాన్ని అంతకంటే గట్టిదానితో మార్చండి.

వినడానికి ఇంతకంటే న్యాయమైన మాట లేదు. నేనూ అలాగే చేశాను. పెద్ద టైరు వేశాక ఒకనాడు వెనక యాక్సిల్ షాఫ్టు విరిగింది. గట్టి షాఫ్టు వేశాను. షాఫ్టు విరగడం మానేసింది, క్రౌన్ పళ్లు రాలాయి. క్రౌన్ మార్చాను. అప్పుడు ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసు పోయింది. క్రాసు పెద్దది వేస్తే గేర్‌బాక్సు అవతల కూర్చున్న ట్రాన్స్‌ఫర్ కేసు మూలగడం మొదలుపెట్టింది. బరువు పెరిగిందని కమాన్‌కట్టలు మార్చాను. కట్టలు గట్టిపడ్డాక వాటిని పట్టుకున్న ఛాసిస్ చీలింది. ఛాసిస్‌కు వెల్డింగ్ పెట్టించిన రోజు లెక్క చూసుకుంటే, పాత జీపులో మిగిలింది హారన్, నేనూ. హారన్ బాగానే ఉంది.

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నాడు, వరసకు మామ. నలభై ఏళ్లు వేటకు పోయిన మనిషి. నేను జీపు కింద పడుకునుంటే అరుగు మీద కూర్చుని వల బాగుచేసుకుంటూ చూస్తుంటాడు.

"మళ్లా ఏం విరిగింది అల్లుడా?"

చెప్పాను. షాఫ్టు దగ్గర్నుంచి వరసగా చెప్పుకొచ్చాను. ఆయన వల పక్కన పెట్టాడు.

"చిన్న పడవ ఇంజిన్ల ఫ్యానుకు పిన్ను ఉంటాది చూడు. ఫ్యాను దేనికన్నా కొట్టుకుంటే అది తెగతాది. మా తమ్ముడి కొడుకు, ఇది మాటిమాటికి తెగతా ఉండాదని దాని బదులు ఉక్కు మేకు కొట్టినాడు. మేకు తెగలా. లోపల గేరు తెగింది. పిన్ను పోతే పది నిమిషాల పని. గేరు పోతే తెడ్డే గతి. పొద్దున పోయినోడు రాత్రికి ఒడ్డుకొచ్చినాడు."

కాసేపాగి అన్నాడు. "పిన్ను తెగేదానికే పెట్టింది సామీ."

ఇంజినీరింగ్ పుస్తకంలోనూ ఇదే మాట ఉంటుంది గానీ అక్కడ చదివితే మనసుకు పట్టదు. బలం పెంచడమంటే బలహీనతను తీసెయ్యడం కాదు, పక్కింటికి పంపడం. తోలే మనిషి కాలు ఎంత తొక్కినా, రాయి ఎంత అడ్డుపడ్డా, ఆ దెబ్బ ఎక్కడో ఒకచోట దిగాలి. పాత జీపు తయారుచేసినవాళ్లు అదెక్కడ దిగాలో ఆలోచించి పెట్టినట్టున్నారు, చక్రం పక్కనే, చేతికందే చోట, చవకగా. నేను ఆ దెబ్బను మెట్టు మెట్టుగా లోపలికి, ఖరీదైన చోటికి తోసుకుంటూ పోయాను. చివరికి ఇంట్లోకి కూడా. ఇంట్లో తెగాల్సిన పిన్నులు కొన్ని ఉంటాయి, "ఈ నెల కుదరదు" అనే మాటలాంటివి. నేను దాన్ని ఉక్కు మేకుతో మార్చాను. వాయిదాల్లో ఇచ్చారు.

6. డిఫ్ లాక్ తప్పనిసరిగా పెట్టించండి. మామూలు డిఫరెన్షియల్ మన ఉమ్మడి కుటుంబం లాంటిది. ఒక చక్రం గాలిలో లేచిందనుకోండి, ఇంజిన్ ఇచ్చే తిప్పుడంతా దానికే పోతుంది, నేల మీద నిలబడి బరువు మోసే చక్రం కదలదు. లాక్ వేస్తే రెండూ కలిసి తిరుగుతాయి. ఇందులో వింతేమీ లేదు, దమ్ములో దిగబడ్డ ట్రాక్టరు డ్రైవరు మడమతో పెడలు నొక్కి చేసే పని ఇదే. కానీ ట్రాక్టరులో ఉన్నదాన్ని ఎవరు ఫొటో తీస్తారు?

7. ముందు బంపరుకు, దిగబడ్డ బండిని తాడుతో లాగే వించి బిగించండి. కట్టడానికి చెట్టు లేని ఇసుకలో అది భలే మెరుస్తుంది.

8. స్టిక్కర్లు ముందే అంటించండి. గోవాలో 2014లో రెయిన్‌ఫారెస్ట్ చాలెంజ్ పోటీలు మొదలయ్యాయి. పాల్గొనకపోయినా అంటించుకోవచ్చు.

9. చట్టం గురించి కంగారు వద్దు, అది మీ గురించి ముందే ఆలోచించి ఉంచింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపం మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని మార్పు ఒక్కింటికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మార్పు ఒక్కింటికి! నా బండి చుట్టూ తిరిగి పదకొండు దాకా లెక్కపెట్టి, కిందికి వంగకుండా ఇంట్లోకొచ్చేశాను.

10. టైర్లలో గాలి మాత్రం తీయకండి. ఇసుకలోకి దిగే ముందు టైరు గాలిని 30 నుంచి 15, 18 పౌండ్లకు తగ్గిస్తే టైరు కింద పరుచుకుని బండి తేలిపోతుంది. తిరిగి రోడ్డెక్కాక నింపుకుంటే సరి. ఖర్చు సున్నా. ఖర్చు లేని పనిలో గౌరవం ఏముంటుంది? ఇన్ని మార్పుల తరవాత నేను దర్జాగా ఒడ్డుకు తోలాను. నాలుగు చక్రాలూ తిరిగాయి, డిఫ్ లాక్ కూడా పడింది. చక్రాలు కలిసికట్టుగా గుంట తవ్వుకుని, ఇరుసులు ఇసుకకు ఆనేదాకా దిగాయి. పడవల్ని ఒడ్డుకు లాగే ట్రాక్టరే వచ్చి నన్నూ లాగింది. డ్రైవరు కుర్రాడు తాడు విప్పుతూ టైరును బొటనవేలితో నొక్కి చూశాడు. "గాలి తీస్తే పోయేదన్నా," అన్నాడు. నవ్వలేదు. నవ్వుంటే బాగుండేది.

11. నిజమైన రాళ్లు కావాలంటే పడమరకు పోవాలి. కావలి, కలిగిరి, వింజమూరు దాటుకుని ఉదయగిరి. మూడు వేల అడుగుల కొండ, దాని మీద దుర్గం. మన జిల్లాలో రాళ్లెక్కడానికి జరిగిన పెద్ద ప్రయత్నం ఇక్కడే. 1513లో కృష్ణదేవరాయలు ఈ కోటను ముట్టడించి ఏడాదిన్నర కూర్చున్నాడు. పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ రాసిన ప్రకారం, కోట దాకా సైన్యం పోయేందుకు రాజు కొండల్ని, పెద్ద పెద్ద బండల్ని పగలగొట్టించి దారి వేయించాడు. రాయలవారికి ఏనుగులున్నాయి, ఎక్కని ఏనుగును మార్చి ఇంకా పెద్ద ఏనుగును తెప్పించాలని ఆయనకు తోచినట్టు లేదు. ఏడాదిన్నరలో కొండ దక్కింది. నాది ఆరో ఏడు, ఇంకా ఇంటిముందే ఉన్నాను.

అసలు ఈ జీపు కొన్నదే అమ్మను ఉదయగిరి తీసుకుపోవడానికి. చిన్నప్పుడెప్పుడో చూసిందట, మళ్లీ చూడాలంది. ఇరుసు మార్చగానే పోదామన్నాను. తరవాత క్రౌన్ రాగానే అన్నాను. ఈలోగా ఆమె రెండు మోకాళ్లూ మార్పించుకుని, ఆరు నెలలు కోలుకుని, నడవడం మొదలుపెట్టింది. మా ఇంట్లో పనిచేసిన మార్పు అదొక్కటే. పోయిన శీతాకాలం పక్కింటి పిన్నితో కలిసి కావలిలో ఆర్టీసీ బస్సెక్కి పోయొచ్చింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి నేను జీపు కిందే ఉన్నాను.

"ఎట్లుందమ్మా?"

"కొండ అట్నే ఉండాది నాయనా," అని ఒక్క క్షణం నిలబడి చూసింది. "నువ్వూ అట్నే ఉండావు."

12. ఆఖరుది. ఇరుసుకు గ్రీజు పెట్టండి. సుమతీ శతకం చదివిన ప్రతివాడికీ కందెన సంగతి ఏడో ఏటికే తెలుసు. అన్నీ మార్చిన ఆరేళ్లలో నేను మరిచింది ఇదొక్కటే. పోయిన వారం విప్పి చూస్తే కొత్త బేరింగులు ఎండిపోయి నల్లబడి ఉన్నాయి. వాటిని తుడిచి, డబ్బాలో చెయ్యి పెట్టి, గ్రీజు తీసి, చిన్నప్పుడు మా తాత బండి ఇరుసుకు పెట్టినట్టే పెట్టాను. బిగించి తోశాను. చప్పుడు లేకుండా రెండడుగులు కదిలింది.

అరుగు మీద మామ వల నుంచి తలెత్తాడు. "యాడికి అల్లుడా?" అన్నాడు.

చెప్పడానికి ఊరి పేరేదీ నోటికి రాలేదు.