దశమభాగం

టెక్సస్‌లో వేకో అనే ఊళ్ళో ఒక లాయరు దగ్గరికి ఒకాయన ప్లాస్టిక్ సంచీ పట్టుకుని వచ్చాడు. సంచీలో చింపేసిన కవరు ముక్కలు, రెండు ఖాళీ మందు అట్టలు ఉన్నాయి. ఒకటి మిఫెప్రిస్టోన్, 200 మిల్లీగ్రాములు. రెండోది మిసోప్రోస్టాల్. రెండూ గర్భస్రావానికి వాడే మాత్రలు.

"మా చెత్తడబ్బాలో దొరికాయి," అన్నాడు. "గ్యారేజీ మీది గది ఒకామెకి అద్దెకిచ్చాం. ఒంటరి మనిషి. హోటల్లో రాత్రి డ్యూటీ. ఆమె చెత్తా అందులోనే వేస్తుంది."

ఆ డబ్బాని రోడ్డు మీదికి లాగే పని మామూలుగా ఆయనది కాదు. ఆస్టిన్‌లో చదువుకునే కూతురు ఇంటికొచ్చినప్పుడల్లా తనే లాగేది. ఈ శని, ఆదివారాలు కూడా వచ్చింది గానీ, ఒంట్లో బాగాలేదని గది తలుపు వేసుకుని పడుకుని, సోమవారం పొద్దున్నే వెళ్ళిపోయింది. దాంతో పని ఆయన మీద పడింది. డబ్బా మూత సరిగ్గా పడలేదు. ఎందుకా అని ఎత్తి చూశాడు.

"దేవుడే చూపించాడు," అన్నాడు.

గర్భస్రావాన్ని హక్కుగా గుర్తించిన రో తీర్పుని 2022 జూన్‌లో సుప్రీంకోర్టు కొట్టేశాక టెక్సస్‌లో గర్భస్రావం దాదాపు పూర్తిగా నిషిద్ధం. క్లినిక్కులు మూతపడ్డాయి. మాత్రలు మాత్రం పోస్టులో వస్తూనే ఉన్నాయి. ఇంటర్నెట్‌లో ఫారం నింపితే న్యూయార్క్‌లోనో మసాచుసెట్స్‌లోనో ఉన్న డాక్టరు రాసి పంపిస్తారు. అక్కడి చట్టాలు ఆ డాక్టర్లకి అండ. ప్రతి కవరూ విప్పి చూడటం పోలీసుల వల్ల కాదు. అందుకని శాసనసభ ఆ పని జనానికి అప్పగించింది. 2025 డిసెంబర్ 4న అమల్లోకి వచ్చిన హెచ్‌బీ 7 అనే చట్టం ప్రకారం ఆ మాత్రలు తయారుచేసినవాళ్ళ మీద, టెక్సస్‌కి పంపినవాళ్ళ మీద మామూలు మనుషులే దావా వెయ్యొచ్చు. గెలిస్తే కనీసం లక్ష డాలర్లు. మింగిన మనిషి మీద వెయ్యడానికి లేదు.

ఆయన ఇదంతా చదువుకునే వచ్చాడు.

"ఆమె జోలికి నేను పోను. పాపం పంపినవాళ్ళది. లక్ష ఎన్నాళ్ళకి చేతికొస్తుంది?"

"కేసు వెయ్యడం వేరు, వసూలు వేరు," అన్నాడు లాయరు. "న్యూయార్క్ డాక్టరు ఒకరి మీద 2025లో మన కోర్టు లక్ష డాలర్ల పైన జరిమానా వేసింది. అక్కడి కౌంటీ క్లర్కు ఆ కాయితం దాఖలు చేసుకోనే లేదు. సరే, వసూలైందే అనుకుందాం."

పెన్సిలు తీసి, పసుప్పచ్చ కాయితం మీద 1,00,000 అని వేశాడు. కింద గీత గీశాడు. గీత కింద ఒక పక్క 10,000, ఇంకో పక్క 90,000 వేసి, పదివేల చుట్టూ సున్న చుట్టాడు.

"మీది ఇది. తక్కిన తొంభై ధర్మసంస్థకి."

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని ఆ అంకెలు మళ్ళీ చూశాడు.

"నేను నలభై ఏళ్ళుగా చర్చికి దశమభాగం ఇస్తున్నాను. ఒక్క నెల తప్పలేదు. పది దేవుడికి, తొంభై ఇంటికి. ఇది తిరగబడిందేమిటి?"

"చట్టం అలా ఉంది."

"మొత్తం ఎవరికీ రాదా?"

"వస్తుంది. ఆ గర్భిణికి, ఆ గర్భానికి కారణమైనవాడికి. పుట్టాల్సిన బిడ్డకి తోబుట్టువులుంటే వాళ్ళకి, తాతలకి, అమ్మమ్మా నాయనమ్మలకి. బయటివాళ్ళకి మాత్రం పదో వంతే."

"అద్దెకున్న మనిషితో మనకేం చుట్టరికం!" అని ఆయన నిట్టూర్చాడు.

ఈలోగా గుమాస్తా అమ్మాయి కవరు ముక్కల్ని బల్ల మీద పరిచి, టేపుతో అతుకుతోంది. పేరున్న చోట మరీ చిన్న ముక్కలుగా చింపారు. చిరునామా సులువుగానే కుదిరింది.

"ఆస్టిన్," అని చదివింది.

"మీ అద్దెదారు అంతకుముందు ఆస్టిన్‌లో ఉండేదా?" అన్నాడు లాయరు.

"ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో!"

గుమాస్తా వీధి పేరు చదివింది. అపార్ట్‌మెంటు నంబరు చదివింది. ఆయన చెయ్యి చాపి ఆ కాయితాన్ని తన వైపు తిప్పుకున్నాడు.

ఆ చిరునామాకి నెల నెలా అద్దె కట్టేది ఆయనే.

గుమాస్తా లేచి మంచినీళ్ళు తెచ్చిపెట్టింది. ఆయన ముట్టుకోలేదు.

"తెలిసిన చోటేనా?" అన్నాడు లాయరు.

"మా అమ్మాయి ఉండేది."

పేరు ముక్కలు ఇంకా బల్ల మీదే ఉన్నాయి. వాటిని అతకమని లాయరు చెప్పలేదు. రబ్బరు తీసి, పదివేల చుట్టూ ఉన్న సున్న చెరిపాడు. దాని లోపలున్న పదివేలూ చెరిపాడు. పక్కనున్న తొంభై వేలూ చెరిపాడు. పైనున్న లక్షని అలాగే ఉంచాడు.

"అయితే మీరు బయటివారు కారు," అన్నాడు. "తాత."

ఆయన చాలాసేపు ఆ కాయితం కేసి చూస్తూ కూర్చున్నాడు. తరవాత పెన్సిలు అడిగి తీసుకున్నాడు.

"దేవుడికి పది," అంటూ వేశాడు. "నాకు తొంభై."